కసువు ఊడ్చే మిషను కొనొచ్చా?

మా ఇంట్లో రోబో వ్యాక్యూమ్ తిరుగుతోందని తెలిసినప్పటి నుంచి చుట్టాల్లోనూ, ఇరుగుపొరుగులోనూ నన్ను ఈ ప్రశ్న అడగని ఆడమనిషి లేదు. "అక్కా, అది బాగా ఊడుస్తుందా? కొనొచ్చా?" అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పలేకపోతున్నాను. ఎందుకంటే ఈ మిషన్లను చూపించే వీడియోలన్నీ సిటీ అపార్ట్‌మెంట్లలో తీసినవే. తెల్లటి టైల్స్, గడపలు లేని తలుపులు, కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. మాది తాడిమర్రి. ఇక్కడి ఇళ్ళు వేరు, ఇక్కడి దుమ్ము వేరు. మూడు నెలలు వాడాక తెలిసిన సంగతులన్నీ ఇక్కడ ఒకచోట రాస్తున్నాను.

ముందు అది మా ఇంటికి ఎందుకొచ్చిందో చెప్పాలి. నడుము నొప్పితో అనంతపురం వెళ్తే డాక్టరుగారు స్కానింగ్ చూసి, "డిస్క్ కొంచెం జరిగింది. మూడు నెలలు వంగొద్దు, బరువులెత్తొద్దు" అన్నారు. వంట నిలబడి చేసుకోవచ్చు. బట్టలు వాషింగ్ మిషను చూసుకుంటుంది. మరి కసువు? మా వైపు పొద్దున ఒకసారి, దీపాల వేళకు ముందు ఒకసారి ఊడవాల్సిందే. ఆషాఢం గాలి మొదలైతే రెండుసార్లు కూడా చాలదు. వాన తక్కువ, గాలి ఎక్కువ. పొద్దున ఊడ్చిన బండల మీద మధ్యాహ్నానికల్లా పేరు రాయొచ్చు.

"శని ఆదివారాలు పాపను పిలిపిస్తే సరిపోతుంది కదమ్మా" అంది మా అత్త. ఆమె చెడ్డ మనసుతో అనలేదు. ఆమె కాలంలో అమ్మకు బాగాలేకపోతే కూతురు చేయడమే తెలిసిన దారి. మా పాప ఇంటర్ రెండో సంవత్సరం, అనంతపురంలో హాస్టల్లో ఉంటుంది. వారం వారం పరీక్షలు. "పాప రాదత్తా" అన్నాను. ఇంట్లో ఇంకా ఇద్దరు మగవాళ్ళున్నారు, మా ఆయన, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి. ఆ మాట నేను పైకి అనలేదు. అనకపోయినా మా ఆయనకు వినపడినట్టుంది. మరుసటి రోజు రాత్రి ఫోన్ చూస్తూ చూస్తూ, "పన్నెండున్నర వేలు. ఆర్డరు పెట్టేసినా" అన్నారు. పొరక పట్టుకోవడం కన్నా పన్నెండున్నర వేలు కట్టడమే సులువనిపించింది కాబోలు.

అది చూడ్డానికి మూత పెట్టిన మూకుడులా గుండ్రంగా ఉంటుంది. ఎత్తు నాలుగు అంగుళాల లోపే. కింద రెండు చక్రాలు, మధ్యలో తిరిగే బ్రష్షు, పక్కన దుమ్మును లోపలికి తోసే చిన్న బ్రష్షు, లోపల గాలిని లాగే ఫ్యాను. ఖరీదైనవాటి నెత్తిన చిన్న గుండ్రటి బుడిపె ఉంటుంది. అందులోంచి లేజరు కిరణం చుట్టూ తిరిగి గది పటం గీసుకుంటుంది. తక్కువ ధరవాటిలో చాలావాటికి అది ఉండదు. మాది కూడా అట్లాంటిదే. ఎంత దూరం వచ్చిందో, ఎటు తిరిగిందో లెక్క పెట్టుకుంటూ పోతుంది. దారిలో ఎవరైనా దాన్ని ఎత్తి పక్కన పెడితే లెక్క తప్పి, ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తుంది. ఒకందుకు మేలే, బుడిపె లేదు కాబట్టి మంచాల కిందికి సులువుగా దూరుతుంది.

మొదటి ఆదివారం హాల్లో పరీక్ష పెట్టాం. హాలు కొత్తగా కట్టించింది, లేత రంగు టైల్స్. ఒక చెంచా రాగి పిండి, గుప్పెడు చెనిక్కాయ పొట్టు, కాసిని వెల్లుల్లి పొరలు, చెప్పులతో వచ్చిన ఇసుక చల్లాం. మిషను తిరిగాక అదే చోట మా అబ్బాయి చేత పొరకతో ఊడిపించి, చాటలో ఎంత పడుతుందో చూశాం. ఇసుక దాదాపు పోయింది. రాగి పిండి గోడ మూలల్లో మిగిలింది. గుండ్రటి మిషను గోడ మూలకు చేరలేదు కదా. వెల్లుల్లి పొరలు, చెనిక్కాయ పొట్టు మాత్రం పక్క బ్రష్షు తగలగానే ఎగిరి సోఫా కిందికి పోయాయి. చెనిక్కాయ పెంకుల ముక్క ఒకటి బ్రష్షులో ఇరుక్కుని మిషను ఆగిపోయింది. కాయలు ఇంట్లో పోసుకునే రోజుల్లో ఆ గదిలోకి దీన్ని పంపకండి.

దీనికి వందకు వంద మార్కులు వేయాల్సిన చోటు మంచాల కింద. బీరువా పక్క సందులో, మా అత్త మంచం కింద, ట్రంకు పెట్టెల మధ్య పొరక పెట్టి ఎంత లాగినా రాని దుమ్ము అది తెచ్చి చూపించింది. ఇంకో సంగతి కూడా గమనించాను. పొరకతో ఊడ్చినప్పుడు మా అత్త ఆయాసంతో దగ్గుతూ వాకిట్లోకి పోయేది. మిషను తిరిగేటప్పుడు దుమ్ము పైకి లేవడం తక్కువ కాబట్టి అక్కడే కూర్చుని దాన్నే చూస్తూ ఉంటుంది. అయితే డబ్బా ఖాళీ చేసేటప్పుడు ఆ దుమ్మంతా ఒక్కసారిగా లేస్తుంది. ఆ పని బయట, గాలి వాలు చూసుకుని చేయాలి.

ఇళ్ళలో వాడుకునే వ్యాక్యూమ్ క్లీనరు పుట్టిందే ఒకాయన ఆయాసం వల్లనట. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అని ఒకాయన ఒక పెద్ద అంగడిలో తుడిచి ఊడ్చే పని చేసేవాడు. ఆ దుమ్ముకు ఆయాసం ఎక్కువై, ఫ్యాను మోటారుకు చీపురు కర్ర, దిండు గలీబు తగిలించి దుమ్ము లాగే మిషను తయారు చేసుకున్నాడు. 1908లో దానికి పేటెంటు వచ్చింది. ఆ హక్కులు హూవర్ కుటుంబం చేతికి పోయాయి. పేరు కూడా వాళ్ళకే వచ్చింది. తనంతట తాను తిరిగే రూంబా అమెరికాలో అమ్మకానికి వచ్చింది 2002లో. మా తాడిమర్రికి చేరేసరికి ఇంకో ఇరవై ఏళ్ళు పైనే పట్టింది.

హాలు దాటి పాతింట్లోకి పోయాక అసలు తమాషా మొదలైంది. పాతింట్లో నేలంతా నల్లబండలు. మా వైపు ఇళ్ళలో కడప, తాడిపత్రి బండలే ఎక్కువ. ఎండాకాలం చల్లగా ఉంటాయి, మరక పడితే కనపడదు. మిషను నల్లబండ మీద కాలు పెట్టీ పెట్టకముందే వెనక్కి తిరిగింది. మళ్ళీ పంపితే మళ్ళీ వెనక్కి. చెడిపోయిందనుకున్నాం. మా అబ్బాయి కూర్చుని వెతికి కారణం పట్టుకున్నాడు. మెట్ల మీది నుంచి పడిపోకుండా దాని అడుగున కంటికి కనిపించని పరారుణ కిరణాలు వదిలే సెన్సార్లుంటాయి. కిరణం నేలకు తగిలి తిరిగొస్తే నేల ఉన్నట్టు, రాకపోతే గుంత ఉన్నట్టు. బాగా నల్లటి నేల ఆ కిరణాన్ని తాగేస్తుంది. అంటే మా నల్లబండ దానికి బావిలా కనపడుతోంది! అరిగి బూడిద రంగుకు తిరిగిన బండల మీద పోతుంది, నున్నగా నల్లగా మెరిసే బండల మీదికి మాత్రం పోదు. "ఈ ఇంటికి వచ్చిన కొత్త కోడలికి కూడా ఇంత భయం ల్యా" అంది మా అత్త.

దీనికి ఇంటర్నెట్‌లో చెప్పే చిట్కా, సెన్సార్ల మీద తెల్ల కాగితం అతికించడం. అప్పుడది నల్లబండల మీద తిరుగుతుంది. నిజమైన మెట్టు వచ్చినా అలాగే తిరుగుతూ పోయి పడుతుంది. మేం ఆ పని చేయలేదు. ధర్మవరంలో మా చెల్లెలికి కూడా వద్దనే చెప్పాను. వాళ్ళింట్లో పట్టుచీరల గుంత మగ్గం ఉంది. కాళ్ళు పెట్టే గుంతలోకి మిషను పడిందంటే మళ్ళీ లేవదు. పైగా నేల మీద పట్టు దారం తునకలుంటాయి. మన తల వెంట్రుకలే బ్రష్షుకు చుట్టుకుని వారానికోసారి కత్తెరతో కోసి తీయాల్సి వస్తోంది. పట్టు దారం చుట్టుకుంటే ఇంక చెప్పేదేముంది? మగ్గమున్న గది పొరకకే వదిలేయమన్నాను.

ఇక గడపలు. ఈ మిషన్లు రెండు సెంటీమీటర్ల ఎత్తు ఎక్కగలిగితే గొప్ప. మా పాతింటి గడపలు పసుపు పూసిన కొయ్య గడపలు, ఎత్తు జానెడుకు కొంచెం తక్కువ. గది గదికీ దాన్ని ఎవరో ఒకరు ఎత్తి పెట్టాలి. బరువు మూడు కిలోల దాకా ఉంటుంది. తీరా చూస్తే నేను వంగకూడదని తెచ్చిన మిషనును ఎత్తడానికి వంగాలి. డబ్బా తీయడానికి, బ్రష్షు శుభ్రం చేయడానికి వంగాలి. అది తిరగడానికి ముందు చెప్పులు, చార్జరు వైర్లు, పీటలు, చాపలు నేల మీది నుంచి తీయడానికి కూడా వంగాలి. ఆ వీడియోల్లో ఈ పనులెవరు చేస్తారో చూపించరు.

ఆ వంగే పనులన్నీ ఎవరు చేశారంటే, మా అబ్బాయి, మా ఆయన. నేను చెప్పకుండానే! పొరక ముట్టని చేతులు మిషనును మాత్రం మురిపెంగా ఎత్తుకుని తిరిగాయి. స్క్రూడ్రైవరు తీసి బ్రష్షు విప్పడం, ఫిల్టరు దులపడం, చార్జింగు చూసుకోవడం వాళ్ళ దృష్టిలో ఇంటి పని కాదు, మెకానిక్ పని. నాకు నవ్వూ వచ్చింది, ఆలోచనా వచ్చింది. రూత్ ష్వార్ట్జ్ కోవాన్ అనే అమెరికా చరిత్రకారిణి 1983లో ఒక పుస్తకం రాశారు. ఇంటి మిషన్లు వచ్చాక అమ్మకు పని తగ్గలేదు, పెరిగిందంటారావిడ. పూర్వం అక్కడ తివాచీలను ఏడాదికి ఒకటి రెండుసార్లు బయటికి మోసుకుపోయి దులిపే పనిలో మగవాళ్ళూ పిల్లలూ చేయి వేసేవాళ్ళట. వ్యాక్యూమ్ క్లీనరు వచ్చాక అది ఆమె ఒక్కదానికే వారం వారం పనైంది. మా ఇంట్లో తిరగబడి జరిగింది. ప్లగ్గు తగిలించేసరికి ఆడపని మగపనైపోయింది.

అయితే దీన్ని గెలుపు అనుకోవడానికి లేదు. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనులు చేసే ఆడవాళ్ళు రోజుకు 289 నిమిషాలు వాటికే ఖర్చు పెడుతున్నారు. ఆ పనులు చేసే మగవాళ్ళు పెట్టేది 88 నిమిషాలు. ఈ మిషను మా హాలు తిరగడానికి పట్టేది అరగంట. నా 289లో అది ఎంత తగ్గిస్తుంది? గిన్నెలు తోమదు, పిండి కలపదు, కట్టెల పొయ్యి దగ్గర పేడ అలకదు. తడి బట్ట తగిలించుకుని తుడుస్తుందంటారు గానీ అది తడి చేయడమే, ఒత్తి తుడవడం కాదు. ఒలికిన సాంబారు మీదికి పోయిందంటే ఇల్లంతా సాంబారే.

వాకిలి సంగతి వేరే చెప్పాలి. అక్కడ ఏ మిషనూ పనికిరాదు. మొదటి వారం వాకిలి ఊడవకుండా ఉండిపోయింది. మా అత్త రోజూ పొద్దున్నే తలుపు తీసి, వాకిలి చూసి, ఏమీ అనకుండా లోపలికొచ్చేది. ఎనిమిదో రోజు తెల్లవారుజామున చప్పుడైతే మెలకువ వచ్చింది. కిటికీలోంచి చూస్తే, ఇంకా చీకటి విచ్చుకోకముందే మా ఆయన వీధిలో అటూ ఇటూ చూసి గబగబా వాకిలి ఊడుస్తున్నారు. ఎదురింటివాళ్ళు లేచేలోపు పొరక దాచేసి లోపలికొచ్చారు. నేను నిద్రపోతున్నట్టే పడుకున్నాను. ఆ తర్వాత రోజూ అంతే. నీళ్ళు కూడా ఆయనే చల్లుతున్నారు. మా అత్త పీట వేసుకుని చిన్న ముగ్గు వేస్తుంది. నెల దాటాక ఒకరోజు ఆలస్యంగా లేచి, బాగా వెలుగొచ్చాక ఊడ్చారు. ఎదురింటి పెద్దాయన చూశాడట. "ఏమప్పా, నడుం ఎట్లుంది ఆయమ్మకు?" అని అడిగి ఊరుకున్నాడట. అంతకు మించి ఏమీ జరగలేదు.

కొనాలనుకునేవాళ్ళు ముందు ఇల్లు చూసుకోండి. నేల లేత రంగా, నల్లబండా? గడపలు ఎన్ని, ఎంత ఎత్తు? మంచాల కింద నాలుగు అంగుళాలకు మించి ఖాళీ ఉందా? ఫోన్‌తో నడపాలంటే వీటిలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వైఫై కావాలి, లేకపోయినా మీట నొక్కి తిప్పుకోవచ్చు. కెమెరా ఉన్నదైతే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. 2020లో పరీక్ష కోసం ఇళ్ళలో పెట్టిన రోబోలు తీసిన ఫొటోలు బయటికి పొక్కాయని 2022లో పత్రికల్లో వచ్చింది. వాటిలో ఒకటి బాత్రూములో ఉన్న ఆడమనిషిది. మన ఇంటి లోపలి సంగతి ఎవరి చేతికో పోవడం నాకు ఇష్టం లేదు. ఫిల్టర్లు, బ్రష్షులు విడిగా దొరుకుతాయో లేదో కూడా ముందే అడగండి. మా ఎర్రమట్టి దుమ్ముకు ఫిల్టరు నెలకే మూసుకుపోయింది.

మీకు నడుము నొప్పో మోకాళ్ళ నొప్పో ఉండి, ఇంట్లో ఎత్తి పెట్టే మనిషి ఉంటే, హాలు, పడక గదుల వరకు ఇది పనికొస్తుంది. ఎత్తి పెట్టేది కూడా మీరే అయితే ఆ డబ్బు దాచుకోండి. మిషను కన్నా ముందు ఆ మనిషి ఎవరో ఇంట్లో తేల్చుకోవాలి.

నా మూడు నెలలు పోయిన వారంతో అయిపోయాయి. మెల్లగా వంగొచ్చని డాక్టరుగారు చెప్పారు. ఆ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాను. పాప పరీక్షలు బాగా రాస్తోంది. వాకిలి ఇంకా మా ఆయనే ఊడుస్తున్నారు. పొరక ఇటివ్వండని నేనూ అడగలేదు.