కంప్యూటర్ వేగం పెంచాలా, వద్దా?

మా చిన్నోడు పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేస్తాడని మీలో చాలామందికి తెలుసు. పత్తి డబ్బులు చేతికి రాని నెలల్లో మా ఇంటి ఖర్చు ఆ కంప్యూటరే మోసింది. ఇప్పుడు దాన్ని ఓవర్‌క్లాక్ చేస్తానంటున్నాడు. అంటే ప్రాసెసర్‌ని కంపెనీ పెట్టిన వేగం దాటించి నడపడం.

వాడిది ఇంటెల్ ఐ5-9600కె. చివర ఆ 'కె' ఉంది, బోర్డు కూడా జెడ్ 390, కాబట్టి కుదురుద్ది. 4.6 గిగాహెర్ట్జ్ నుంచి 5కి ఎక్కిస్తాడంట. ఇద్దరం కూర్చుని లెక్కేశాం. పెరిగే వేగం 9 శాతం. గంట పట్టే పని మహా అయితే 5 నిమిషాలు ముందవుద్ది. అందుకోసం వోల్టేజీ 10 శాతం పెంచాల్సొస్తే మాత్రం వేడి దాదాపు మూడో వంతు పెరుగుద్ది. ఫ్యాను కూలరేమో గది గాలి కన్నా చల్లబరచలేదు. మాది రేకుల గది, మే నెలలో 40 దాటుద్ది. 100 డిగ్రీలకి చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటది. ఇక పెంచి ఏం లాభం?

అన్నిటికంటే నా భయం వేరే. పని మధ్యలో ఆగిపోతే పెళ్లోళ్లకి ఏం చెప్తాం?

వాడి ఉత్సాహం చంపడం నాకిష్టం లేదు. పెళ్లిళ్ల సీజన్ అయ్యేదాకా ముట్టుకోవద్దన్నా. చలికాలంలో, చేతిలో పని లేనప్పుడు, వోల్టేజీ జోలికి పోకుండా కొంచెం పెంచి రాత్రంతా పరీక్షించుకోమన్నా. కొత్త కూలర్‌కని దాచిన డబ్బుతో ర్యామ్ కొంటున్నాం. నిన్న పెట్టె విప్పి దుమ్ము దులిపితే చారెడు పత్తి నూగు వచ్చింది.