చీకటి చాలని వ్యోమనౌకలు

వ్యోమనౌక నమూనా ఎంత ఓపికగా అతికినదైనా, ఎంత నేర్పుగా రంగు వేసినదైనా, లోపలి దీపం వెలిగించగానే ఒళ్లంతా పాలిపోయిన కాంతితో మెరిసిందంటే ఆ శ్రమ నీళ్లపాలైనట్టే. ఈ నమూనాలు చాలావరకు కిట్లుగా, అంటే అచ్చుపోసిన విడి భాగాలను పెట్టెలో సర్దిన సెట్లుగా దొరుకుతాయి. ఆ భాగాలను పోతపోసే పాలిస్టైరీన్ ప్లాస్టిక్ పలుచని పలకగా ఉన్నప్పుడు వెలుగును ఆపలేదు. కిటికీల్లోంచి మాత్రమే రావలసిన వెలుగు గోడల్లోంచి, అతుకుల్లోంచి, రెక్కల అంచుల్లోంచి కారిపోతూ ఉంటే, మూడు వందల మీటర్ల పొడవుండాల్సిన నౌక కాస్తా పడకగదిలో పెట్టుకునే బెడ్‌లైటు అయిపోతుంది. సైన్స్ ఫిక్షన్ కథల్లోనూ సినిమాల్లోనూ కనిపించే నౌకలను ఇంట్లో కూర్చుని కట్టి దీపాలు అమర్చుకునేవారిలో ఈ లోపం ఎంత మామూలో, దాన్ని లోపంగా గుర్తించకపోవడం అంతకంటే మామూలు. పైపెచ్చు ఎంత ఎక్కువ వెలిగితే అంత గొప్ప అనే అభిప్రాయం బలపడింది. ఇది సరిదిద్దవలసిన అభిప్రాయం. నమూనాకు దీపం పెట్టడమంటే ముందుగా దాని లోపల చీకటిని కట్టడం. వెలుగు పని ఆ తరవాతది.

ఇదంతా స్కేలుకు, అంటే అసలు వస్తువుకూ నమూనాకూ మధ్య ఉండే కొలతల నిష్పత్తికి, సంబంధించిన విషయం. 1966లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన 'స్టార్ ట్రెక్' ధారావాహికలోని ఎంటర్‌ప్రైజ్ నౌక పొడవు కథ ప్రకారం సుమారు 289 మీటర్లు. దానికి పేరున్న కిట్లలో ఒకటైన 1:350 నమూనా 82 సెంటీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. ఆ లెక్కన నౌకలో నిలబడ్డ మనిషి ఎత్తు అయిదు మిల్లీమీటర్లు. జానెడుకు కొంచెం తక్కువ వెడల్పున్న గుండ్రటి కిటికీ అర మిల్లీమీటరు. అర మిల్లీమీటరు మందమున్న ఆప్టికల్ ఫైబర్, అంటే ఒక కొసన పడిన వెలుగును రెండో కొసకు మోసుకుపోయే సన్నని పారదర్శక పోగు, ఆ కిటికీకి అచ్చంగా సరిపోతుంది. ఎదురుగా ఉన్న వస్తువు చిన్నదో పెద్దదో తేల్చుకోవడానికి కన్ను దీపపు చుక్క పరిమాణం మీద ఎంతో ఆధారపడుతుంది గనుక, నౌక ఒంటి మీద ఆవగింజంత వెలుగు చుక్క ఒక్కటి ఎక్కువైనా కొలత చెడిపోతుంది. అందుకే నేర్పరులు కాంతిని తగ్గించడంలోనే తమ నేర్పు చూపిస్తారు. మొబైల్ ఛార్జర్ ఇచ్చే 5 వోల్టులలో తెల్ల ఎల్‌ఈడీ దాదాపు 3 వోల్టులు తీసుకోగా మిగిలిన 2 వోల్టులను రెసిస్టర్ అనే నిరోధకం భరిస్తుంది. వంద ఓమ్‌ల నిరోధకం పెడితే దీపంలో 20 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు పారి కళ్లు చెదిరే వెలుగు వస్తుంది, గోధుమ, నలుపు, ఎరుపు చారలున్న వెయ్యి ఓమ్‌ల నిరోధకం పెడితే 2 మిల్లీ ఆంపియర్లే పారి, దూరపు ఇంటి కిటికీలో కనిపించేపాటి వెలుగు వస్తుంది. ఈ రెండో నిరోధకానికి మొదటిదానికంటే ఎక్కువ ఖర్చేమీ కాదు. లోపలి గోడలకు ముందు నల్ల రంగు రెండు మూడు పలుచని పూతలుగా వేసి, అది ఆరాక దాని మీద వెండి రంగో తెల్ల రంగో వేయాలి. నలుపు వెలుగును బయటికి పోనివ్వదు, వెండి రంగు దాన్ని లోపలే తిప్పి కిటికీల వైపు పంపుతుంది. అతుకులన్నిటినీ పుట్టీతో మూసి, పెంకు రెండు సగాలనూ శాశ్వతంగా అతకకముందే చీకటి గదిలో వెలిగించి చూసుకోవడం తప్పనిసరి, ఎందుకంటే అతికిన తరవాత లోపలికి వెళ్లే దారి ఉండదు.

ఎంటర్‌ప్రైజ్‌కు 1964లో కట్టిన అసలు స్టూడియో నమూనా 11 అడుగుల పొడవైనది. మొదట దీపాలు లేకుండానే తయారై, తరవాత దీపాలు అమర్చుకున్న ఆ నమూనాకు తీగలన్నీ ఎడమ వైపు నుంచి వెళ్లడంతో కెమెరా ఎప్పుడూ కుడి వైపునే చూపవలసి వచ్చింది. ఇంజన్ల ముందు గుమ్మటాల్లో తిరుగుతున్నట్టు కనిపించే కాంతి కోసం క్రిస్మస్ చెట్టుకు కట్టే చిన్న బల్బులనూ, అద్దం ముక్కలనూ, మోటారునూ వాడారు. వాషింగ్టన్‌లోని జాతీయ వైమానిక, అంతరిక్ష మ్యూజియం దాన్ని ఎంతో శ్రద్ధతో బాగుచేసి 2016లో తిరిగి ప్రదర్శనకు పెట్టింది.

అయితే దీపం పెట్టిన నమూనా గురించి తెలుగువారు పాఠం నేర్చుకోవడానికి వాషింగ్టన్ దాకా వెళ్లనవసరం లేదు. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' కోసం మద్రాసు చందమామ భవనాల్లో కట్టిన ద్వారకా నగరం చాలు. 50 అడుగులకు 60 అడుగుల స్థలంలో సుమారు 300 చిన్న ఇళ్లు కట్టి, ప్రతి ఇంటికీ విడిగా విద్యుద్దీపం ఉండాలని పట్టుబట్టి వెలిగించిన నగరం అది. మూడు వేల చదరపు అడుగుల్లో మూడు వందల ఇళ్లంటే వీధులతో కలిపి ఇంటికి పది చదరపు అడుగులు. అంత ఇరుకులో తీగలు లాగి ఇంటింటికీ దీపం పెట్టడం కంటే పైనుంచి రెండు పెద్ద లైట్లు వేసి సరిపెట్టుకోవడం ఎంతో సులువు, ఎంతో చవక. ఆ సులువు దారి తొక్కకపోవడంలోనే ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే, కళా దర్శకులు గోఖలే, కళాధర్, దర్శకుడు కె.వి. రెడ్డి, నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణిల గొప్పతనం ఉంది. ఇల్లు అన్నాక దీపం దాని సొంతమై ఉండాలి. దాని వెలుగు పక్కింటి గోడ మీద పడి తన గోడ చీకటిగా మిగలాలి. వీధి ఆ చీకటిలోంచి కనిపించాలి. నలుపు తెలుపు చిత్రంలో రంగు సాయానికి రాదు గనుక నగరం ఎంత పెద్దదో, ఎంత సంపన్నమైనదో చెప్పే భారమంతా వెలుగు నీడల మీదే పడింది, అవి దాన్ని మోశాయి. ఘటోత్కచుడి మాయలకు చప్పట్లు కొట్టే ప్రేక్షకుడు ద్వారకను చూసి చప్పట్లు కొట్టడు, అది నమూనా అని అతనికి తోచదు గనుక. నమూనా కట్టేవారికి ఇంతకు మించిన ప్రశంస లేదు. పౌరాణిక చిత్రాన్ని సైన్స్ ఫిక్షన్ నమూనాల చర్చలోకి తేవడం కొందరికి వింతగా తోచవచ్చు గానీ, లేని ఊరిని ఉన్నట్టుగా కంటికి నమ్మించడమే రెండింటి పనీ అయినప్పుడు ద్వారకకూ గ్రహాంతర నగరానికీ కొలబద్ద ఒక్కటే. వ్యోమనౌకకు దీపాలు అమర్చాలనుకునే తెలుగు యువకుడు ముందుగా ఈ సినిమాను పెట్టుకుని, పాటలూ మాటలూ వదిలి, కేవలం దూరదృశ్యాల కోసం శ్రద్ధగా చూడాలి.

ఆ చిత్రానికి కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావే 1991లో 'ఆదిత్య 369' తీసి తెలుగు తెర మీద కాలయంత్రాన్ని నడిపించారన్నది యాదృచ్ఛికంగా తోచదు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' కోసం తయారైన ఆరు టన్నుల బుజ్జి వాహనం రోడ్డు మీద నిజంగా నడిచి జనాన్ని అబ్బురపరచింది. కానీ పూర్తి పరిమాణంలో తయారైన వస్తువు నమూనా కట్టేవారికి స్కేలు పాఠం చెప్పలేదు.

ఆ పాఠానికి ఆంధ్రప్రదేశ్‌లోని జగ్గయ్యపేట పరిసరాలే చాలు. జయంతిపురం, ముక్త్యాల సిమెంటు కర్మాగారాలను రాత్రిపూట దూరం నుంచి చూసినవారికి సినిమా అంతరిక్ష నౌకల ఒంటి మీద ఉండే గొట్టాలూ నిచ్చెనలూ పెట్టెలూ ఎక్కడి నుంచి వచ్చాయో వేరే చెప్పనక్కరలేదు. కొలిమికి ముందుండే ప్రీహీటర్ టవర్‌లో సున్నపురాయి పొడి సైక్లోన్లనే గరాటు ఆకారపు గదుల్లో ఒకదాని నుంచి మరోదానికి దిగుతూ, కింది నుంచి వచ్చే వేడి వాయువులతో కాగుతూ కొలిమిలోకి చేరుతుంది. అంతస్తు అంతస్తుకూ ఉన్న మెట్ల దగ్గర ఒక్కొక్క చిన్న దీపం వెలుగుతుంటే, ఆ దీపాల మధ్య ఉన్న ఉక్కు కనిపించకపోయినా దాని ఎత్తు కంటికి అందుతుంది. స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన '2001: ఎ స్పేస్ ఒడిసీ' చిత్రానికి 54 అడుగుల డిస్కవరీ నౌక నమూనాను కట్టినవారు ఇలాంటి సూక్ష్మ వివరాల కోసమే మార్కెట్లో దొరికే ప్లాస్టిక్ కిట్లను కొని, వాటి భాగాలను విడదీసి నౌకల ఒంటికి అతికించారు. ఒక కిట్ భాగాలను మరో నమూనాకు వాడుకునే ఈ పద్ధతిని కిట్‌బ్యాషింగ్ అంటారు. జగ్గయ్యపేటలోనో నందిగామలోనో ఉన్నవారికి ఆ ఖరీదైన కిట్లు అక్కరలేదు. పాడైన రేడియో బోర్డులు, అయిపోయిన పెన్ను రీఫిళ్లు, మాత్రల రేకులు, సిరంజీలు అదే పని చేస్తాయి. ఎక్కడ దట్టంగా పేర్చాలో, ఎక్కడ ఖాళీ వదలాలో కర్మాగారాన్ని చూసి నేర్చుకోవాలి, ఎందుకంటే అక్కడ ప్రతి గొట్టానికీ ఒక పని ఉంది, పని లేని చోట గోడ బోసిగా ఉంది. ఈ నేల సున్నపురాయికి పనితనం కొత్త కాదు. జగ్గయ్యపేట స్తూపం ఉన్న చోటు ప్రాచీన వేలగిరి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 20వ పాలనా సంవత్సరంలో సిద్ధార్థుడనే శిల్పి, తాను శిల్పి కొడుకునని చెప్పుకుంటూ, తూర్పు ద్వారం దగ్గర అయిదు ఆయక స్తంభాలు నిలిపినట్టు అక్కడి శాసనం చెబుతుంది. ఆయక స్తంభాలంటే స్తూపపు వేదిక మీద ఒక్కో దిక్కున అయిదేసి చొప్పున నిలిపే రాతి కంబాలు.

పనితనానికి ఇంత పాత నేలలో బడి పిల్లల వైజ్ఞానిక ప్రదర్శనలు జరిగే తీరు మనసు కష్టపెట్టేది. థర్మకోల్ రాకెట్టు, దాని మొనకు మిణుకు మిణుకుమనే ఎర్ర దీపం, పక్కన స్కెచ్ పెన్నుతో రాసిన పేరు. స్కేలు ఎంత అని అడిగే న్యాయనిర్ణేత అరుదు, వెలుగుతోందా, తిరుగుతోందా అని అడిగేవారే ఎక్కువ. కొలత తప్పినా వెలిగితే బహుమతి వస్తుందని పదేళ్ల వయసులో తెలుసుకున్న పిల్లవాడు ఇరవై ఏళ్లకు కట్టే వ్యోమనౌక గోడల్లోంచి వెలుగు కారక మానదు. నిజానికి కొలతతో కట్టడం అంత కష్టమేమీ కాదు. 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 రాకెట్టు ఎత్తు 43.5 మీటర్లు, దాని రెండు పక్కలా ఉండే ఘన ఇంధన బూస్టర్ల వ్యాసం 3.2 మీటర్లు, నడిమి భాగం వ్యాసం 4 మీటర్లు, ఉపగ్రహాన్ని కప్పే పైతొడుగు వ్యాసం 5 మీటర్లు. వందో వంతుకు తగ్గిస్తే అవి 32, 40, 50 మిల్లీమీటర్లు అవుతాయి. పీవీసీ పైపులు వెలుపలి కొలత ప్రకారం 32, 40, 50 మిల్లీమీటర్లలోనే దొరుకుతాయి. నందిగామలో పైపుల దుకాణానికి వెళ్లి బూస్టర్లకు రెండు, మిగతావాటికి ఒక్కొక్కటి చొప్పున నాలుగు ముక్కలు కోయించుకుంటే భారతదేశపు అతి బరువైన రాకెట్టు 1:100 స్కేలులో చేతికొస్తుంది. దీన్ని ఏ ఉపాధ్యాయుడైనా ఒక మధ్యాహ్నంలో చెప్పగలడు. పిల్లలు నిష్పత్తుల లెక్కను పుస్తకంలో కంటే బాగా నేర్చుకుంటారు. మొన దగ్గర దీపం లేకపోతే కొరతేమీ ఉండదు.

మిణుకుమనే సీరియల్ సెట్ల మోజు బడికే పరిమితమైనది కాదు. కృష్ణకు అవతల కోటప్పకొండ తిరునాళ్లకు పదుల అడుగుల ఎత్తున కట్టి జనరేటర్లతో వెలిగించే విద్యుత్ ప్రభల్లో ఊరి పనితనం, పోటీ, భక్తి మూడూ కలిసి కనిపిస్తాయి. అవి దూరం నుంచి కనిపించడానికే కట్టినవి గనుక వాటి మెరుపు వాటికి చెల్లుతుంది, వాటి మీద ఏ ఫిర్యాదూ లేదు. ఫిర్యాదంతా ఆ మెరుపును బల్ల మీది చిన్న వస్తువుకు అంటించడం గురించే. చిన్న వస్తువు దగ్గరి చూపు కోసం పుట్టింది, దాని మర్యాదలు వేరు. ఆ మర్యాదలు కొండపల్లి బొమ్మలవారికి తెలుసు: తెల్ల పొణికి కొయ్యను సన్నని సెగ మీద ఆరబెట్టి, అవయవాలను విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, ఆ తరవాతే రంగు ముట్టుకుంటారు. పుట్టీ, ప్రైమర్, రంగు అనే ఈనాటి నమూనాల వరుస అచ్చంగా ఇదే.

రంగు ప్రస్తావన వచ్చినప్పుడు జగ్గయ్యపేటను విడిచిపెట్టడం న్యాయం కాదు. మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలులో కొలువైన తిరుపతమ్మ, గోపయ్యల కొయ్య విగ్రహాలు సహదేవతలతో కలిసి రెండేళ్లకొకసారి రంగుల కోసం జగ్గయ్యపేటకు తరలివస్తాయి. రంగుల ఉత్సవంగా పేరుపడిన ఈ రాకపోకలకు మెట్ట ప్రాంతపు ఊళ్లన్నీ కదిలివస్తాయి, బండ్లు సాగే దారిపొడవునా జనం బారులు తీరుతారు. రంగులు వేసేవారి ముందున్న సమస్య సామాన్యమైనది కాదు: పాత పూత మీద కొత్త పూత ఎక్కినకొద్దీ ముక్కు కొస, కనురెప్ప, పెదవి అంచు మొద్దుబారతాయి, పాత పూతను గీకితే కొయ్యకు గాయమవుతుంది, అన్నిటికీ మించి, తిరిగి గుడికి చేరిన ముఖం భక్తులు రెండేళ్ల కిందట చూసిన ముఖమే అయి ఉండాలి. సుద్ద పాలెంత, జిగురు ఏది, కళ్లు మొదట దిద్దుతారా చివర దిద్దుతారా, రెండు పూతల మధ్య ఎంతసేపు ఆరనిస్తారు అనే సంగతులు పనిచేసేవారి చేతుల్లో ఉంటాయి. ఉత్సవానికి ఎన్ని బండ్లు కట్టారో, ఎంత జనం వచ్చారో పత్రికలు ఎలాగూ రాస్తాయి. ఆలయ చరిత్ర రాయబూనేవారు ఒక ఉత్సవ కాలమంతా ఆ రంగుల మండపంలో కూర్చుని, పనివారిని అడిగి, ఈ వివరాలను వారి పేర్లతో సహా పుస్తకానికి ఎక్కించాలి.