లిఫ్టులో నల్లబల్ల

కేంబ్రిడ్జి

తమ్ముడూ,

నేనిక్కడికి వచ్చి రెండు వారాలైంది. అన్నిటికంటే ముందు ఒక వింత చెప్పాలి. ఐజాక్ న్యూటన్ ఇన్‌స్టిట్యూట్ అనే గణిత సంస్థలో లిఫ్టులో కూడా నల్లబల్ల పెట్టారు! మరుగుదొడ్లనూ వదల్లేదు. ఇద్దరు మాట్లాడుకుంటూ వెళ్తుంటే మధ్యలో మాట తెగిపోకూడదని వాళ్ల తాపత్రయం. ఈ సంస్థను 1992లో తెరిచారు. మరుసటి ఏడాది జూన్‌లో ఆండ్రూ వైల్స్ ఫెర్మా చివరి సిద్ధాంతానికి నిరూపణ ప్రకటించింది ఇక్కడే. తర్వాత అందులో లోపం బయటపడింది. పాత శిష్యుడు రిచర్డ్ టేలర్‌ను తోడు చేసుకుని 1994లో సరిచేశాడు. తప్పు దిద్దుకోవడానికి ఒక మాస్టారికి అంత వ్యవధి, తోడు దొరికాయి చూడు, నాకు అదే గొప్పగా తోచింది.

ఇక్కడి యూనివర్సిటీలో ఆరు టర్ములు పాఠం చెబితే ఒక టర్ము సెలవు, జీతంతోనే, చదువుకోవడానికి. ఎవరి దయా కాదు, నిబంధనల్లోనే ఉంది. అది విన్నప్పుడు గొంతు పట్టేసింది. నేను ఆరు వారాల సెలవు అడిగిన రోజున మా ప్రిన్సిపాల్ గారు "సిలబస్ ఎవరు పూర్తి చేస్తారమ్మా?" అన్నారు, అంతే. ప్రమోషన్ కోసం రిఫ్రెషర్ కోర్సుకు మాత్రం పంపారు. తిరిగొచ్చాక సర్టిఫికెట్ అడిగారు గానీ ఏం నేర్చుకున్నావని స్టాఫ్‌రూములో ఒక్కరూ అడగలేదు. మన లెక్చరర్లకు చదువు మీద ఆసక్తి లేదంటే నేను ఒప్పుకోను. ఇన్విజిలేషన్, వాల్యుయేషన్, అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగడం, ఇవన్నీ అయ్యాక పుస్తకం తెరిచే ఓపిక ఎవరికుంటుంది?

మన సాంఖ్యక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు వాల్తేరులో చదివి, 1946లో ఇక్కడికి వచ్చింది ఉద్యోగం మీదే. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలను ఇక్కడి మ్యూజియంలో విశ్లేషించే పని. ఆ పని చేస్తూనే సాంఖ్యక శాస్త్రవేత్త ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. థీసిస్ కూడా జీవుల వర్గీకరణలో వచ్చే సాంఖ్యక సమస్యల మీదే! కొలిచే ఎముకే ప్రశ్న వేసింది. జీతమిచ్చే పనీ, మనసు లాగే పనీ ఒకటైతే ఎంత అదృష్టం! రేపు ఆ మ్యూజియం చూడబోతున్నాను.

ఒక్క పని చెయ్యి. అటక మీద పడేసిన నీ థీసిస్ కాగితాలు దించు. ఎక్కడ ఆగిపోయావో ఆ పేజీ ఫోటో తీసి పంపు. ఇక్కడ అడగడానికి మనుషులున్నారు.

నీ అక్క