విరుగుడు తేట

యీ సంచికకి ఏదైనా రాయమని మన సెక్రటరీగారు మూడుసార్లు మా గదికి వచ్చారు. కథ రాదు, కవిత అసలే రాదు అన్నాను. "పోనీ, నీకు తెలిసిందే రాయవోయ్" అన్నారు, నా బల్లమీది డబ్బాల వంక చూస్తూ. ఆ చూపులో వెటకారం వుందని గ్రహించకపోలేదు. అయినా ఆ మాటే పట్టుకుంటున్నాను. నాకు తెలిసింది ఆ డబ్బాలే.

వే ప్రోటీను అంటే మన హాస్టల్లో తెలియనివాళ్ళు లేరు. సాయంత్రం అయిదున్నర దాటిందంటే వరండాలో షేకర్లు గిలక్కాయల్లా మోగుతూంటాయి. అయితే అది దేనితో చేస్తారయ్యా అని అడగండి. సగంమంది మందు అంటారు, సగంమంది పాలపొడి అంటారు. రెండూ కావు. పాలు విరిగినప్పుడు ముద్ద వొక పక్కకీ నీళ్ళు వొక పక్కకీ పోతాయి కదా, ఆ నీళ్ళని మా యింట్లో తేట అంటాం. ఆ తేటని వడగట్టి ఆరబెట్టిన పొడే యిది. పాలలో వుండే ప్రోటీనులో నూటికి 80 పాళ్ళు ముద్దలోకి పోతుంది. మిగిలిన 20 పాళ్ళు తేటలో వుండిపోతుంది. లీటరు తేటకి ఆరేడు గ్రాములు, అంతే. కిలో పొడి చెయ్యాలంటే నూరు లీటర్ల పైచిలుకు తేట కావాలన్నమాట. ఛీజు యెక్కువగా చేసే దేశాల్లో పూర్వం దీన్ని పందులకి పోసేవారు, లేకపోతే యేళ్ళలోకి వదిలేసేవారు. 1970ల్లో సన్నటి పొరలగుండా ప్రోటీనుని వడగట్టే పద్ధతి ఫ్యాక్టరీల్లోకి వచ్చాక దానికీ గిరాకీ పుట్టింది.

మా నాయనమ్మ గేదె కుడితిలో పోసేది.

అంతా పొయ్యదు. యెండాకాలం పొద్దున పాలు విరిగిపోతే ముద్దలో బెల్లం కోరి కలిపి మాకు పెట్టేది. గుడ్డలోంచి కారిన తేటని వొక గ్లాసుడు పక్కకి తీసి, చిటికెడు ఉప్పు వేసి నాకిచ్చేది. మిగిలిందే కుడితిలోకి. ఆ తేట రంగు యిప్పటికీ కళ్ళముందుంది. పసుపూ కాదు, ఆకుపచ్చా కాదు. అది రైబోఫ్లేవిన్ అనే విటమిన్ రంగని యెమ్మెస్సీకి వచ్చాక తెలిసింది. రుచి మాత్రం అప్పుడే తెలుసు. రవంత తీపి, రవంత పులుపు, చివర్న యింత పాలవాసన.

సరే, హాస్టలు సంగతి. నేను మొదటి డబ్బా కొన్నది 2,400 రూపాయలకి. మెస్ బిల్లుతోపాటు రికార్డులకనీ జిరాక్సులకనీ చెప్పి యింటినుంచి తెప్పించుకున్న డబ్బు అది. మాకు రెండు పాడిగేదెలు. యింటికి వుంచుకోగా రెండుపూటలా కలిపి ఆరు లీటర్లు కేంద్రంలో పోస్తాం. అప్పట్లో లీటరుకి 48 రూపాయలు పడుతుండేది. అంటే డబ్బా ఖరీదు 50 లీటర్ల పాలు, యెనిమిది రోజుల పైన పాడి. యీ లెక్క నేను కొన్న రోజున వెయ్యలేదు. తరవాత వేశాను.

మా గదిలో ముగ్గురం. ఐసొలేటు మంచిదా, కాన్సంట్రేటు చాలదా అని రోజూ తగువే. యెక్కువ ధర పెట్టినవాడికి తన పొడి రుచిగానే వుంటుంది. అందుకని వొక ఆదివారం మా కెమిస్ట్రీ మిత్రుడు న్యాయాధిపతిగా వుండి తీర్పు చెప్పేటట్టు యేర్పాటు చేసుకున్నాం. మెస్‌నుంచి నాలుగు స్టీలు గ్లాసులు తెచ్చి అడుగున కాగితం ముక్కలు అంటించాం. వొక్కొక్క దాంట్లో 200 మిల్లీలీటర్ల నీళ్ళు, 30 గ్రాముల పొడి. తాగేవాడి కళ్ళకి తువ్వాలు.

మొదటి గ్లాసు చాక్లెట్ కాన్సంట్రేటు. యిందులో ప్రోటీను నూటికి 80 దాకా వుంటుంది. మిగతాది పాలచక్కెర, కాస్త వెన్న, లవణాలు. ఆ వెన్నా ఆ చక్కెరా వుండబట్టే గొంతులోకి చిక్కగా దిగింది. చాక్లెట్ వెనకాల పాలు వున్నాయని తెలుస్తూనే వుంది. ముగ్గురం బావుందన్నాం. దీంతో వచ్చే చిక్కు రుచిలో లేదు, రెండు గంటల తరవాత పొట్టలో వుంది. పాలచక్కెర అరగనివాడు యిది తాగితే శిక్ష అతనికి సగం, గదిలోవాళ్ళకి సగం.

రెండోది వనిల్లా ఐసొలేటు. ప్రోటీను 90 పైన. వెన్నా చక్కెరా దాదాపు వుండవు. పొట్టకి హాయి. కాని నోట్లో పోసుకుంటే పాలు తాగిన గ్లాసుని తొలిచి ఆ నీళ్ళు తాగినట్టుంది. యీ పలచదనాన్ని కప్పెయ్యడానికి తీపి దట్టించారు. నాలిక మీద పడగానే రాదు ఆ తీపి. ఆగి వస్తుంది, వచ్చాక పోదు. పళ్ళు తోముకున్నా పోలేదు. అది పంచదార కాదు, సుక్రలోజు, పంచదారకి దాదాపు 600 రెట్లు తీపి. 1976లో లండన్ క్వీన్ ఎలిజబెత్ కాలేజీలో శశికాంత్ ఫడ్నిస్ అనే మన దేశపు విద్యార్థి దాని తీపి కనిపెట్టిన కథ వొకటి చెబుతారు. ప్రొఫెసరుగారు "టెస్టు" చెయ్యమంటే ఆయనకి "టేస్టు" చెయ్యమన్నట్టు వినపడి నాలిక మీద వేసుకున్నాడట. మన లేబరేటరీలో యెవరూ అలా వినవద్దని మనవి.

మూడోది హైడ్రొలైజేటు. మా సీనియరు వొకాయన దాచుకున్న శాంపిల్ పొట్లం, బతిమాలి తెచ్చాం. యిందులో ప్రోటీనుని యెంజైములతో ముందే ముక్కలు చేసి పెడతారు, తొందరగా వొంటబట్టాలని. ముక్కలైన ప్రోటీను చేదు. మామూలుగా లోపలికి ముడుచుకుని వుండే భాగాలు తెగి బయటపడి నాలికకి తగులుతాయి. కాకరకాయ చేదు వేరు, అందులో వొక మర్యాద వుంది. యిది ఆస్పిరిన్ బిళ్ళ గొంతులో అడ్డంపడి కరిగినట్టుంటుంది. ముగ్గురిలో వొకడు కళ్ళకి తువ్వాలు వుండగానే కిటికీ దారి పట్టాడు.

నాలుగో గ్లాసు సంగతి చెప్పేముందు చిన్న పిట్టకథ. వాసనలన్నీ రుచులే అనుకుంటాం గాని, ముక్కు గట్టిగా మూసుకుని తాగితే వనిల్లాకీ కుల్ఫీకీ యెవరూ తేడా చెప్పలేకపోయారు. రెండూ తీపి నీళ్ళే. ముక్కు వదలగానే వనిల్లా వచ్చి కూచుంది. మామిడిపండు డబ్బా కూడా వొకరి దగ్గర వుంటే తెచ్చాం. వాసన వుంది, మామిడిపండు లేదు. బంగినపల్లి తిని పెరిగినవాణ్ణి అలా మోసం చెయ్యడం ధర్మం కాదు. యింతకంటే పెద్ద మోసం పక్క బ్లాకు మిత్రుడికి జరిగింది. సగం ధరకి దొరికిందని వొక వనిల్లా డబ్బా తెచ్చుకున్నాడు. యెక్కడ కొన్నాడో చెప్పను. కలిపితే మైదా జారుడులా వుంది. మా కెమిస్ట్రీ మిత్రుడికి అనుమానం వచ్చి అయోడిన్ చుక్క వేస్తే ఠపీమని నీలం తిరిగింది. పిండి! పాపం, డబ్బు పెట్టానుగదా అని చివరి చెంచా దాకా తాగాడు.

నాలుగోది యే వాసనా కలపని చప్పటి కాన్సంట్రేటు. అన్నిటికంటే చవక. మా వాళ్ళిద్దరూ వొక్క గుక్కతోనే గ్లాసు కింద పెట్టేశారు. "తడిసిన అట్టపెట్టె" అన్నాడొకడు. అబద్ధం కాదు. అందులోని వెన్న పాతబడేకొద్దీ అట్టవాసన వస్తుంది. నా వంతు వచ్చింది. తాగాను. అట్టవాసన కింద, బాగా కింద, రవంత తీపి, యింత పాలవాసన. పులుపు లేదు, ఉప్పు లేదు. తువ్వాలు తియ్యకుండానే గ్లాసు ఖాళీ చేశాను. వీడికి పిచ్చెక్కిందన్నారు. నాయనమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ మాట వాళ్ళకి చెప్పలేదు. ఉప్పు వుందా అని మాత్రం అడిగాను.

యిదంతా అవసరమా అంటారు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో యిచ్చిన సూచనల్లో కండలకోసం యిలాంటి పొడుల జోలికి పోవద్దనే చెప్పింది. 2020లో వాళ్ళు కట్టిన లెక్క ప్రకారం కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీను సరిపోతుంది. 60 కిలోల నాకు 50 గ్రాములు. పప్పూ పెరుగూ రెండు గుడ్లూ సరిగ్గా తింటే చాలావరకు అక్కడే వస్తుంది. మన మెస్ పప్పులో పప్పు యెంత వుంటుందన్నది వేరే వ్యాసం.

ఆ తరవాత పదిరోజులకి నాన్న వచ్చాడు. బ్యాంకు పనిమీద వూళ్ళోకి వచ్చి, సాయంత్రం బస్సుదాకా నా గదిలో కూచున్నాడు. బల్లమీద డబ్బాలు వరసగా వున్నాయి. దాచే వ్యవధి లేకపోయింది.

"యేందిరా యివి?"

"పాల విరుగుడు పొడి, నాన్నా. బలానికి."

"యేదీ, కలుపు."

చప్పటిది కలిపి యిచ్చాను. నాన్న పాలు చూసే పద్ధతి వొకటుంది. కేంద్రంలో మిషను వచ్చి చాలాకాలమైనా, క్యాను దించేముందు వేలు ముంచి నాలిక్కి రాసుకుంటాడు. ఆ వేళ్టి వెన్న శాతం ఆయన చెప్పినదానికీ మిషను చెప్పినదానికీ పెద్ద తేడా వుండదు. గ్లాసు అలాగే చూశాడు. వేలు ముంచాడు, తరవాత గుక్క తాగాడు.

"వెన్న లేదు. విరిగినపాల తేట యిది. మీ నాయనమ్మ కుడితిలో పోసేది."

వనిల్లా ఐసొలేటు కూడా కలిపి యిచ్చాను. పెళ్ళిలో కరిగిపోయిన ఐస్‌క్రీమన్నాడు. సగం వదిలేశాడు. నాన్న యే గ్లాసూ సగం వదలగా నేను చూడలేదు.

"యెంత?"

"ఆరొందలు" అన్నాను.

నాన్న నవ్వాడు. "మనకి రేటు కట్టేది వెన్న చూసి గదరా. వెన్న తీసేసి, గడ్డ తీసేసి, ఆఖర్న కారేదానికి కూడా ఆరొందలా? తెలివైనవాళ్ళే." డబ్బా చేతిలోకి తీసుకుని చుట్టూ తిప్పాడు. ధర అచ్చువేసిన చోట అక్షరాలు చిన్నవి. జేబులోంచి కళ్ళజోడు తీశాడు. నా వంక చూశాడు. మళ్ళీ జేబులో పెట్టుకుని, బస్సు వేళయిందన్నాడు.

బస్టాండులో అయిదువందల నోటు వొకటీ, వంద నోటు వొకటీ నా చేతిలో పెట్టాడు. "ఆ పొడి అయిపోతే కొనుక్కో. చప్పటిదే కొను, వాసనది వద్దు."

ఆ నెల యేదీ కొనలేదు. పై నెల చప్పటిదే కొన్నాను, మిత్రులిద్దరితో వాటా వేసుకుని. పొద్దున నీళ్ళలో కలుపుకుని ఉప్పు వేసుకుంటాను. ఉప్పు వేస్తే నిజంగానే మెరుగు, కావలసినవాళ్ళు చూడండి. అసలు ధర మాత్రం నాన్నకి యింతవరకూ చెప్పలేదు. రెండుసార్లు ఫోనులో మొదలుపెట్టి గేదెలెలా వున్నాయని అడిగాను.

సెలవలకి యీ సంచిక యింటికి తీసుకెళతాను. నాన్న అచ్చయిన కాగితం దేన్నీ వదలడు. కళ్ళజోడు పెట్టుకుని ముందు నా పేరున్న పేజీయే తీస్తాడు.