వెన్న సంతకు, మజ్జిగ సంగటికి

మా జేజి కవ్వం చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. వసారా గుంజకు తాడు కట్టి, పెద్ద కుండ ముందర కూర్చుని, ఒక చేత్తో లాగుతూ ఇంకో చేత్తో వదులుతూ చిలికేది. వెన్న పడే వేళకు ఆ చప్పుడు బరువెక్కేది. ఎండాకాలమైతే చెంబెడు చన్నీళ్లు, చలికాలమైతే గోరువెచ్చని నీళ్లు పోసేది. తేలిన వెన్నను అరచేత్తో తీసి, గుండ్రంగా తిప్పి, నీళ్ల గిన్నెలో వేసేది. మేం చెయ్యి పెట్టబోతే కసిరేది.

"అది సంతదిరా. మీది కుండలో ఉండాది."

కుండలో ఉన్నది మజ్జిగ.

1970ల చివర, అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం తాలూకాలో ఒక చిన్న పల్లె మాది. నైరుతి మేఘాన్ని పడమటి కనుమలు ఆపేస్తాయి, తూర్పు సముద్రం దూరం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. చెనిక్కాయ పంట చేతికొస్తే వచ్చినట్టు, లేకుంటే మేతకు కట్టె మిగిలేది. ఆ కట్టె తిని రెండు ఎనుములు పాలిచ్చేవి. వెన్న కాచిన నెయ్యి సంతలో అమ్మితే ఉప్పూ కిరసనాయిలూ వచ్చేవి. మజ్జిగకు మాత్రం వెల కట్టకూడదని జేజి పట్టు.

కాబట్టి ఎండ ఎక్కేలోపే మా వాకిట్లో ముంతలూ సత్తుగిన్నెలూ వరస కట్టేవి. ఎనుము లేని ఇళ్లవాళ్లు, కూలికి పోయేవాళ్లు వచ్చేవాళ్లు. అందరికీ ఒకే మజ్జిగ, కానీ పోసే తీరు ఒకటి కాదు. కొందరికి గడప దగ్గర ముంత అందుకుని పోసేది, కొందరికి ప్రహరీ అవతల నిలబెట్టి, పైనుంచి ధార కట్టి పోసేది. చిన్నప్పుడు ఆ ధార చూసి ముచ్చటపడ్డాను. ఎందుకట్లా పోసేదో తెలిశాక ఆ ముచ్చట పోయింది.

రాత్రి సంగటి వేడివేడిగా ఉండేది. నూకలు మెత్తబడ్డాక రాగిపిండిని గుట్టగా పోసి, నడుమ కట్టెతో గుంత చేసి, మూతపెట్టి మగ్గనిచ్చేది. తర్వాత కుండను రెండు పాదాల మధ్య ఇరికించుకుని కట్టెతో కెలికేది. చెయ్యి తడుపుకుని ముద్దలు చేసేది. మిగిలిన ముద్ద పొద్దునకు గట్టిపడేది. దాన్ని మజ్జిగలో పిసికి, ఉప్పేసి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ, చెనిగ్గింజల ఊరిబిండి నంజుకుంటూ తిని బడికి పోయేవాళ్లం.

ఎండాకాలం అంబలి. పులిసిన మజ్జిగ కుండలో పైకి తేరిన తేటను వంచి, అందులో రాగిపిండి కలిపి రాత్రంతా ఉంచేది. తెల్లారేసరికి బుడగలొచ్చి, పుల్లటి వాసన కొట్టేది. మరిగే నీళ్లలో పోసి కలియబెట్టి, చల్లారాక మళ్లీ మజ్జిగ కలిపేది. ఇప్పుడు జిమ్ముకెళ్లే మా అబ్బాయి వేలు పోసి కొనే డబ్బా మీద 'వే ప్రొటీన్' అని రాసి ఉంటుంది. విరిగిన పాల నుంచి దిగే తేటలోని మాంసకృత్తులే అవి. జేజి చేసినదానికి అట్లాంటి డబ్బా లేదు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు తిరగేసినప్పుడు కుండ లెక్క అర్థమైంది. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 344 మిల్లీగ్రాముల కాల్షియం, ఏడు గ్రాముల పైచిలుకు మాంసకృత్తులు. అయితే తృణధాన్యాలకు ఉన్న లోపమే రాగులకూ ఉంది, లైసిన్ తక్కువ. పాల మాంసకృత్తుల్లో అది దండిగా ఉంటుంది. ఏ గింజలోనూ దొరకని బి12 కూడా పాలలో ఉంటుంది. గింజలోని ఫైటేట్ ఖనిజాలను ఒంటికి పట్టనీయకుండా బిగించి ఉంచుతుంది, రాత్రంతా పులిస్తే ఆ పట్టు సడలుతుంది. వెన్న తీసినా ఇవేవీ సంతకు పోలేదు. పోయింది కొవ్వు, దాంతోపాటు ఎ విటమిన్. ఆ లోటు తోటకూర, మునగాకు కొంత తీర్చేవి. నెయ్యి దించేముందు జేజి నాలుగు మునగాకులు వేసేది. గిన్నె అడుగున ఎర్రగా వేగిన మడ్డిని, ఆ కరకరలాడే ఆకును సంగటి ముద్దలో అద్దుకుని తినడానికి మేం కొట్టుకునేవాళ్లం.

1980ల్లో పాల వ్యాను వచ్చింది. క్యానులో పోసిన పాలకు కొవ్వు కొలిచి డబ్బులిచ్చేవాళ్లు. అమ్మ చేతిలో తన డబ్బంటూ మొదటిసారి ఆడింది, నా పుస్తకాలూ అందులోంచే వచ్చాయి. వ్యానును తిట్టే హక్కు నాకు లేదు. కానీ పాలే పోయాక తోడుపెట్టడానికి ఒక గ్లాసు మిగిలేది. కవ్వం అటకెక్కింది. ముంతలతో వచ్చేవాళ్లు కొన్నాళ్లు వచ్చి చూసి, మానేశారు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలై, సంగటి కుండ కూడా వెనక్కి పోయింది. కడుపులు నిండాయి, అది చిన్న సంగతి కాదు. కానీ తెల్లన్నం మీద పోసుకోవడానికి ఎనుము లేని ఇంట్లో మజ్జిగ లేదు. పాలకు లీటరు రేటు పుస్తకంలో రాశారు. ఆగిపోయిన ముంతెడు మజ్జిగను ఎవరూ ఎక్కడా రాయలేదు.

2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లోని సర్కారు బడుల్లో రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి పని. అందులో బెల్లం వేస్తారు. మా వైపు పిల్లలకైనా వారంలో ఒక్క పూట, బెల్లం మానేసి, ఉప్పేసి, మజ్జిగ పోసి ఇచ్చి చూడండి.