నష్టం దాచుకుంటే ధైర్యం మిగలదు

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళ ఏ వేడుకకు వెళ్ళినా ఎవరో ఒకరు అడుగుతారు: "షాపు ఎలా నడుస్తోందండీ?" వ్యాపారం చేసేవాళ్ళం అందరం ఒకే జవాబు చెబుతాం: "పర్వాలేదండీ, బాగానే ఉంది." అర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కోలలో కిరాణా కొట్లూ టిఫిన్ సెంటర్లూ చీరల షాపులూ నడిపే తెలుగువాళ్ళు చాలామంది నాకు తెలుసు. వాళ్ళలో ఎందరికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదో కూడా తెలుసు. ఆ మాట మాత్రం ఎవరి నోటా రాదు.

ఈ గుట్టు మనకు బజారు నేర్పింది. మా నాన్నగారిది తెనాలిలో కిరాణా కొట్టు. నష్టమన్న మాట బయటికి పొక్కితే మర్నాడే టోకు షావుకారు అరువు ఆపేసేవాడు, చిట్టీలవాళ్ళు గుమ్మంలో కూర్చునేవాళ్ళు. అందుకే ఆయన పెదవి విప్పేవారు కాదు. ఆయనకు ఆ మౌనమే రక్ష. ఇక్కడ అదే మనల్ని ముంచుతోంది. కష్టకాలంలో దుకాణదారుడికి ధైర్యం రావాలంటే నష్టాన్ని అంకెల్లో రాసుకోవాలి, చెప్పాల్సినవాళ్ళకు వేళ మించకముందే చెప్పాలి. ఇన్నేళ్ళ వ్యాపారంలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఇది.

2020లో కోవిడ్ సమయంలో చిన్న వ్యాపారాలకు జీతాల కోసం అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన పీపీపీ అప్పులు గుర్తున్నాయా? సగటు నెల జీతాలకు రెండున్నర రెట్ల దాకా ఇచ్చారు. ఆ సొమ్ములో కనీసం 60 శాతం జీతాలకే ఖర్చు పెట్టి, మిగతా షరతులు కూడా పాటిస్తే మొత్తం మాఫీ. కానీ ఏప్రిల్ 3న మొదలైన మొదటి విడత నిధి 16వ తేదీకల్లా అయిపోయింది. లెక్కలు కాగితం మీద సిద్ధంగా ఉండి, వెంటనే అకౌంటెంటుకు ఫోన్ చేసినవాళ్ళు ముందు వరసలో నిలబడ్డారు.

2023 జులై 20న భారత ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించింది. ఒక్క రోజులో ఇక్కడ సోనామసూరి కోసం జనం ఎగబడ్డారు. మేము మా కిరాణా షాపు తలుపు మీద ఒక కాగితం అంటించాం: లోపల ఎన్ని బస్తాలు ఉన్నాయో, ఇంటికి ఒకటే ఎందుకు ఇస్తున్నామో, పాత సరుకు పాత ధరకేనని. కొత్త లోడు ధర తెలియగానే అక్కడే రాస్తామని కూడా చెప్పాం. ఉన్న సంగతి తెలిసేసరికి జనం కుదుటపడ్డారు. ఒక పెద్దావిడ చేతిలోని బస్తా వెనక్కి పెట్టి, "మా ఇంట్లో ఒకటుంది నాయనా, పసిపిల్లలున్నవాళ్ళకు ఇవ్వు" అన్నారు. ఆ నిషేధం 2024 సెప్టెంబరు చివర్లో ఎత్తేశారు. ఆ రోజుల్లో కుదిరిన నమ్మకం మాత్రం ఇప్పటికీ మా షాపును నిలబెడుతోంది.

అన్నిటికన్నా బరువైన పరీక్ష 2025లో వచ్చింది. ఆగస్టు 27న, భారత్ నుంచి అమెరికాకు వచ్చే చాలా సరుకుల మీద అదనపు సుంకం 50 శాతానికి చేరింది. రేవులో కట్టేది దిగుమతిదారే అయినా, ఆ భారం చివరికి మా బిల్లులోనే వచ్చి చేరుతుంది. కందిపప్పు మీద మిగిలేదే తక్కువ. ధర పెంచితే గిరాకీ పోతుంది, పెంచకపోతే గల్లా పెట్టె ఖాళీ అవుతుంది.

అప్పుడు స్కోర్ అనే సంస్థ తలుపు తట్టాను. 1964 నుంచీ అనుభవజ్ఞులైన వ్యాపారులు అక్కడ ఉచితంగా సలహాలిస్తున్నారు. నాకు దొరికిన పెద్దాయన ఓదార్పు మాట ఒక్కటీ చెప్పలేదు. రాబోయే 13 వారాలకు ఏ వారం ఎంత వస్తుందో, ఎంత పోతుందో రాసుకు రమ్మన్నారు. రాశాను. భయం పోలేదు గానీ, దానికి ఒక తేదీ దొరికింది. "ఏమైపోతామో" అన్న దిగులు స్థానంలో, "అక్టోబరు రెండో వారంలో ఇంత తక్కువ పడుతుంది" అన్న లెక్క చేతికి వచ్చింది. లెక్క తెలిసిన కష్టానికి పని చెప్పవచ్చు.

ఆ కాగితం పట్టుకుని అద్దె గడువుకు ముందే షాపు యజమాని దగ్గరికి వెళ్ళాను. మా ట్రిపుల్ నెట్ లీజులో అద్దెతోపాటు ఆస్తిపన్ను, బీమా, నిర్వహణ ఖర్చుల్లో కూడా మా వాటా ఉంటుంది. ఏడాది చివర్లో పడే ఆ సర్దుబాటు బిల్లును నెలలకు పంచమని అడిగాను, ఒప్పుకున్నారు. పనివాళ్ళకు కూడా అవే అంకెలు చూపించాను. ఒకరిని తీసేసే బదులు అందరం కొన్ని గంటలు తగ్గించుకుంటామన్నారు. కౌంటర్లో ఉండే అమ్మాయి, "అంకుల్, కదలని ఊరగాయ బ్రాండ్లు ఆపేసి ఆ డబ్బుతో దోసెల పిండి ఎక్కువ తెప్పిద్దాం, వారం తిరక్కుండా డబ్బవుతుంది" అంది. ఆ ఆలోచన మమ్మల్ని ఆ శీతాకాలం గట్టెక్కించింది.

అందరికీ చాటమని నేను అనను. ముందుగా తెలియాల్సింది ఇంట్లో భార్యకో భర్తకో. ఇక్కడ లీజులకూ బ్యాంకు అప్పులకూ చాలావరకు మన సొంత హామీ ఉంటుంది. షాపు మునిగితే ఆ అప్పు మన మీదకే వస్తుంది. ఆ సంగతి ఇల్లాలికి బ్యాంకు ఉత్తరం చూశాక తెలియడం అన్యాయం. ఆ తర్వాత అకౌంటెంటు, షాపు యజమాని, హోల్‌సేలరు, పనివాళ్ళు. అంకెలు మూసేయమని చెబితే, పనివాళ్ళ ఆఖరి జీతానికి డబ్బు ఉండగానే మూసేయండి. అలా మూసిన వ్యాపారి పరువు ఎక్కడికీ పోదు, మళ్ళీ మొదలుపెట్టడానికి మనుషులు మిగులుతారు.

తోటి వ్యాపారులారా, ఈ ఆదివారమే కూర్చుని రాబోయే 13 వారాలు రాయండి. సోమవారం ఒక్కరికైనా చూపించండి. మీ కష్టం తెలిసిన మనిషి ఒకరు ఉన్నా, మంగళవారం బోణీకి మీరు నిబ్బరంగా నిలబడగలరు.