హాక్ కాగితంలో నా సున్నాలు

పంతులమ్మనైనందుకేమో, నా సోరియాటిక్ ఆర్థరైటిస్ (సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం) చూసే డాక్టరుగారి ఓపీలో చేతికిచ్చే ఆ ప్రశ్నల కాగితాన్ని కూడా పరీక్ష పేపర్‌లాగే చూశాను. దాన్ని 'హాక్' అంటారు. 1980లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్ వాళ్లు బయటపెట్టింది. ఇరవై ప్రశ్నలు. గత వారంలో ఫలానా పని ఇబ్బంది లేకుండా చేశారా, అయితే 0. కొంచెం కష్టమైతే 1, బాగా కష్టమైతే 2, చేయలేకపోతే 3. ఇక్కడ తక్కువ వస్తేనే పాసని ఇట్టే కనిపెట్టి, వరసగా సున్నాలు పెట్టుకుంటూ పోయాను.

సోరియాసిస్ మచ్చలు తగ్గాయి, డాక్టరుగారు సంతోషంగా ఉన్నారు, ఆవిణ్ణి నిరాశపరచడం దేనికన్నది ఒక కారణం. రెండోది, నాకే తెలియలేదు. సీసా మూత? మా ఆయన తీస్తున్నారు, ఇక నాకేం కష్టం, 0. బట్టలు కట్టుకోవడం? దొండకాయలా ఉబ్బిన వేలితో హుక్కులు పెట్టుకోలేక చీరలెప్పుడో మానేశాను, నైటీకి ఇబ్బందేముంది, 0. టబ్బులో స్నానం? మా ఇంట్లో టబ్బే లేదు. అదీ 0! కింద కూర్చుని లేవలేకపోతున్నానని మాత్రం ఎవరూ అడగలేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్నవాళ్ల కోసం మన దేశంలో మార్చి రాసుకున్న హాక్‌లో ఆ ప్రశ్న ఉందట. నాకిచ్చింది అది కాదు.

స్కోరు 0.25. ఈ జబ్బు అదుపులో ఉందనడానికి డాక్టర్లు ఏడు అంశాలు చూస్తారు, ఐదు సరిపోతే చాలు. హాక్ 0.5 దాటకపోవడం వాటిలో ఒకటి. నొప్పి ఎంత, మొత్తంమీద ఎలా ఉంది అన్నవి ఇంకో రెండు. అంటే ఏడింట్లో మూడు మన నోటిమాటే. సీఆర్‌పీ లాంటి రక్తపరీక్షలు ఈ జబ్బులో చాలామందికి మామూలుగానే వస్తాయి, నాకూ అంతే. అదుపులోనే ఉందనుకుని మందు మార్చలేదు. జబ్బు మాత్రం లోపల వేలి ఎముకను తినేస్తూనే ఉంది.

ఒకసారి మా ఆయన లోపలికొచ్చి, కాగితం చూసి, "ఈ పనులన్నీ నేనే చేసిపెడుతున్నానండీ" అన్నారు. డాక్టరుగారు కాగితం తిప్పి లెక్క చెప్పారు. ప్రశ్నలు ఎనిమిది గుంపులు. గుంపులో అన్నిటికన్నా పెద్ద అంకె తీసుకుంటారు. మనిషి సాయమో, పరికరమో కావలసివస్తే ఆ గుంపుకి 2కి తగ్గకుండా వేస్తారు. అన్నీ కూడి ఎనిమిదితో భాగిస్తారు. మళ్లీ నింపితే 1.25 వచ్చింది. ఈ జబ్బులో 0.35 తేడా వచ్చినా లెక్కలోకి తీసుకుంటారట!

మందు మార్చారు. వాపు తగ్గింది, వంగిన వేలు మాత్రం వంగే ఉంది. మీకూ ఆ కాగితం ఇస్తే, ఇంట్లో మీ పనులు ఎవరు చేసిపెడుతున్నారో వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని నింపండి.